కుటుంబంతో అమెరికాకు తరలివెళ్లడం ఎలా: కాగితాలు ముందు, సూట్‌కేసులు చివర

అమెరికా ప్రయాణం ఖాయమైందన్న కబురు అందగానే చాలా ఇళ్లలో మొదట జరిగే పని పెద్ద సూట్‌కేసులు కొనడం. మా ఇంట్లోనూ అదే జరిగింది. ఎనిమిది సూట్‌కేసులు హాల్లో గోడవారగా మూడు నెలలు నిలబడ్డాయి. ఆ గోడకు అవతల బీరువాలో మా పెద్దమ్మాయి జనన ధ్రువపత్రం, పిల్ల పేరు రాయాల్సిన చోట ఖాళీ గీతతో, అలాగే పడి ఉంది. వీసా ఇంటర్వ్యూకు పద్దెనిమిది రోజుల ముందు ఆ సంగతి గమనించి నేను తిరిగిన తిరుగుడును మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు కథలా చెబుతూ ఉంటుంది.

అప్పటి నుంచి ఎవరు సలహా అడిగినా ఒకే కొలబద్ద చెబుతున్నాను. ప్రతి పని దగ్గరా “ఇది అక్కడికి వెళ్లాక చేయగలమా?” అని ప్రశ్నించుకోండి. చేయలేనిదాన్ని, చేయగలిగినా నెలలు పట్టేదాన్ని ముందుకు తెచ్చుకోండి. అక్కడ ఏ దుకాణంలోనైనా గంటలో తెమిలిపోయేదాన్ని చివరికి నెట్టండి. కింది వరుస ఆ లెక్కతోనే పెట్టాను. దంపతుల్లో ఒకరు హెచ్-1బి లేదా ఎల్-1 అనే ఉద్యోగ వీసాపైన, మిగిలినవారు హెచ్-4 లేదా ఎల్-2 అనే ఆధారిత వీసాలపైన వెళ్లే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాశాను. ప్రయాణానికి ఐదారు నెలల ముందే మొదలుపెడితే హడావిడి లేకుండా సాగుతుంది.

మొదటి అడుగు: పేర్లు సరిచూసుకోండి

ఇంట్లో అందరి పాస్‌పోర్టులు, పిల్లల జనన ధ్రువపత్రాలు, మీ వివాహ ధ్రువపత్రం, పదో తరగతి, డిగ్రీ సర్టిఫికెట్లు ఒకే బల్ల మీద పరిచి, ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా పోల్చి చూడండి. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, బడిలో అది పొడి అక్షరంగా మారుతుంది, పెళ్లయ్యాక కొందరికి మారుతుంది, కొందరికి మారదు. ఇవన్నీ మనకు అలవాటే గనుక తేడాలు కంటికి ఆనవు. అమెరికాలో మాత్రం ప్రతి కార్యాలయమూ పాస్‌పోర్టులోని రెండు గడులను, అంటే ఇంటిపేరు గడిని, సొంతపేరు గడిని, ఉన్నవి ఉన్నట్టుగా ఎక్కించుకుంటుంది. పేరంతా ఇంటిపేరు గడిలోనే ఉండి సొంతపేరు గడి ఖాళీగా ఉంటే, వీసాపై సొంతపేరు స్థానంలో “ఎఫ్ఎన్‌యూ” అన్న మూడక్షరాలు పడతాయి. సొంతపేరు తెలియదని వాటి అర్థం. డ్రైవింగ్ లైసెన్సు మొదలుకొని బ్యాంకు కార్డు వరకు ఆ మూడక్షరాలే వెంటపడతాయి, ఆసుపత్రి వరండాలో నర్సు కూడా వాటినే పట్టుకుని పిలుస్తుంది. కాబట్టి వీసా దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టును తిరిగి జారీ చేయించుకుని పేరును రెండు గడుల్లోకి సరిగా విడదీయించండి.

జనన ధ్రువపత్రంలో పిల్ల పేరుతో పాటు తల్లిదండ్రుల పేర్లు కూడా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వారంలో తీసుకున్న పత్రమైతే పిల్ల పేరు లేకపోయే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే అప్పటికి మనకు బారసాలే కాలేదు. వివాహం సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదై ఉండాలి. శుభలేఖా, ఆల్బమూ దాని పక్కన తోడు సాక్ష్యాలుగా మాత్రమే పనికొస్తాయి.

పాస్‌పోర్టు గడువు విషయంలో ఒక మెలిక ఉంది, దాన్ని చాలామంది గమనించరు. అమెరికాలో మీరు ఎంతకాలం ఉండవచ్చో నిర్ణయించేది వీసా ముద్ర కాదు, ప్రవేశించిన రోజున నమోదయ్యే ఐ-94 అనే ప్రవేశ రికార్డు. పాస్‌పోర్టు గడువు ముందుగా ముగిసేట్టయితే ఐ-94ను ఆ తేదీకే కుదించే అవకాశం ఉంటుంది. పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు చెల్లుతుంది గానీ పిల్లలది ఐదేళ్లే. అంటే తల్లిదండ్రులకు మూడేళ్ల అనుమతి వచ్చి, అదే విమానంలో దిగిన పిల్లవాడికి పద్నాలుగు నెలలే రావచ్చు. పిల్లల పాస్‌పోర్టులో రెండు మూడేళ్లకన్నా తక్కువ గడువు మిగిలి ఉంటే ఇక్కడే కొత్తది తీసుకోండి.

రెండో అడుగు: వీసా, దానితో పాటు ఒక నిజాయితీ సంభాషణ

చంటిపిల్లతో సహా ప్రతి ఒక్కరికీ విడివిడిగా డీఎస్-160 దరఖాస్తు నింపాలి. వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు మరో రోజు కేటాయించుకోండి. హైదరాబాద్‌లో కాన్సులేట్ 2023 నుంచి నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనంలో పనిచేస్తోంది. లోగడ పద్నాలుగేళ్లలోపు పిల్లలకు ఇంటర్వ్యూ మినహాయింపు ఉండేది. 2025 సెప్టెంబరు 2 నుంచి ఆ సౌకర్యం తీసేశారు గనుక, సాధారణంగా పిల్లలను కూడా వెంటబెట్టుకుని వెళ్లాలి. అదే ఏడాది డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమాల ఖాతాలను కూడా పరిశీలిస్తున్నారు, ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచమంటున్నారు. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి ఇంటర్వ్యూ తేదీ తీసుకునే రోజున కాన్సులేట్ సూచనలను మరొకసారి చదవండి. ముద్ర పడిన పాస్‌పోర్టులు చేతికి వచ్చేదాకా వెనక్కి డబ్బు రాని టికెట్లు కొనకండి, ఇంటి యజమానికి ఖాళీ చేస్తామని చెప్పకండి. ఇంటర్వ్యూ అయ్యాక కూడా కొన్ని దరఖాస్తులు అదనపు పరిశీలన పేరిట వారాల తరబడి ఆగుతాయి.

ఇక సంభాషణ సంగతి. ఎల్-2పై వెళ్లే భార్య లేదా భర్త ఐ-94పై “ఎల్-2ఎస్” అని నమోదైతే దిగిన నాటి నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. హెచ్-4 సంగతి వేరు: హెచ్-1బిలో ఉన్నవారి గ్రీన్‌కార్డు ప్రక్రియలో కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందాకో, ఆరేళ్ల పరిమితి దాటి పొడిగింపు వచ్చాకో ఉద్యోగానుమతి కోసం దరఖాస్తు పెట్టుకోవాలి, అది చేతికి వచ్చాకే పని చేయాలి. అంటే ఇక్కడ పన్నెండేళ్ల అనుభవం ఉన్న వ్యక్తి అక్కడ కొన్నేళ్లపాటు ఇంటిపట్టున ఉండాల్సి రావచ్చు. ఎదురుచూపుల సందడిలో ఈ మాట ఎవరూ ఎత్తరు. ఆరో నెలలో, మంచు పడుతున్న మధ్యాహ్నం, అదే పెద్ద గొడవై కూర్చుంటుంది. టికెట్లు కొనకముందే ఇద్దరూ కూర్చుని, ఒక జీతంతో అద్దె, కారు, ఆరోగ్య బీమా గడుస్తాయో లేదో కాగితం మీద లెక్క వేయండి, ఆ ఖాళీ ఏళ్లలో చదువుకోవడమా, సెలవుపై వెళ్లి ఇక్కడి ఉద్యోగాన్ని నిలుపుకోవడమా అన్నది తేల్చుకోండి. పిల్లల్లో ఎవరికైనా పదిహేడు, పద్దెనిమిదేళ్లు ఉంటే మరో లెక్క కూడా అవసరం. ఇరవై ఒకటో ఏడు నిండిన రోజుతో ఆధారిత వీసా అర్హత పోతుంది.

మూడో అడుగు: టీకాలు, పళ్లు, కళ్లద్దాలు

పిల్లలను బడిలో చేర్చుకునేటప్పుడు అక్కడ ముందుగా అడిగేది టీకాల రికార్డు. రాష్ట్రాన్ని బట్టి వివరాలు మారినా, పోలియో, డీటీపీ, హెపటైటిస్-బి, తట్టు-గవదబిళ్లలు-రుబెల్లా, ఆటలమ్మ టీకాలు దాదాపు అంతటా కావాలి. మన ప్రభుత్వ కార్యక్రమంలో వేసే ఎంఆర్ టీకాలో తట్టు, రుబెల్లా మాత్రమే ఉంటాయి, గవదబిళ్లల భాగం ఉండదు. మీ పిల్లలకు ఎంఆర్ వేశారా, మూడూ ఉన్న ఎంఎంఆర్ వేశారా అన్నది పుస్తకం తెరిచి చూడండి. ఆటలమ్మ టీకా కూడా రెండు మోతాదులు పూర్తయ్యాయో లేదో చూసుకోండి. మోతాదుల మధ్య వ్యవధి ఉండాలి గనుక చివరి వారంలో ఈ పని కాదు. పిల్లల డాక్టరు చేత టీకా పేరు, వేసిన తేదీ ఇంగ్లీషులో స్పష్టంగా రాయించి, సంతకమూ ముద్రా వేయించండి. పుస్తకంలో చెదిరిపోయిన సిరా ముద్రలను అక్కడి బడి నర్సు చదవలేరు.

మన పిల్లలకు పుట్టగానే క్షయ రాకుండా బీసీజీ టీకా వేస్తారు కాబట్టి, అక్కడ క్షయ కోసం చర్మంపై చేసే పరీక్ష పొరపాటున పాజిటివ్‌గా రావచ్చు. అప్పుడు కంగారుపడకుండా, బీసీజీ వేశారని చెప్పి రక్తపరీక్ష చేయమని అడగండి; బీసీజీ వల్ల దాని ఫలితం తారుమారు కాదు.

పంటి వైద్యానికి, కళ్లద్దాలకు అక్కడ సాధారణంగా వేరే బీమా తీసుకోవాలి, అది ఉన్నా జేబు నుంచి పోయేది తక్కువేమీ కాదు. వాయిదా వేస్తూ వచ్చిన రూట్ కెనాల్ ఇక్కడే చేయించుకోండి, అందరికీ రెండేసి జతల కళ్లద్దాలు తీసుకోండి. రోజూ వేసుకునే మందులుంటే మూడు నెలలకు సరిపడా, అసలు ప్యాకింగులోనే, జెనెరిక్ పేరు రాసిన చీటీతో సహా పట్టుకెళ్లండి.

నాలుగో అడుగు: బడి కాగితాలు

ప్రభుత్వ బడుల్లో పన్నెండో తరగతి వరకు చదువు ఉచితం. మీరు ఏ చిరునామాలో అద్దెకు దిగితే ఆ పరిధిలోని బడిలోనే సీటు ఇస్తారు, కాబట్టి బడిని చూసుకున్నాకే ఇల్లు వెతకాలి. గత రెండు మూడేళ్ల మార్కుల పత్రాలు, బదిలీ పత్రం తీసుకోండి. తొమ్మిదో తరగతి దాటిన పిల్లలకైతే ఏ సబ్జెక్టులో ఏమేమి చదివారో బడి వారి లెటర్‌హెడ్‌పై రాయించండి, అక్కడ హైస్కూలు క్రెడిట్లు లెక్కగట్టేటప్పుడు దాని అవసరం పడుతుంది. కిండర్‌గార్టెన్‌లో చేరడానికి ఐదేళ్లు నిండాల్సిన తేదీ చాలా రాష్ట్రాల్లో సెప్టెంబరు 1 ప్రాంతంలో ఉంటుంది. ఇక్కడ యూకేజీ ముగించిన బిడ్డ ఆ తేదీకి రెండు వారాల తర్వాత పుట్టి ఉంటే అక్కడ ఏడాది ఆగాల్సి రావచ్చు, దానికి మనసు సిద్ధం చేసుకోండి.

చేర్చుకునే రోజున ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక పత్రంలో అడుగుతారు. తెలుగు అని రాస్తే పిల్లకు ఇంగ్లీషు పరీక్ష పెడతారు. కొందరు తల్లిదండ్రులు దాన్ని తప్పించుకోవడానికి ఇంగ్లీషు అని రాస్తారు, అలా రాయనక్కర్లేదు. బాగా రాసిన పిల్లలు మామూలు తరగతికే వెళతారు, సాయం కావలసినవారికి అదనపు పాఠాలు దొరుకుతాయి.

ఐదో అడుగు: ఇక్కడ వదిలి వెళ్లే లెక్కలు

ఉపాధి కోసం విదేశానికి వెళ్లాక మామూలు పొదుపు ఖాతాను అలాగే ఉంచుకోకూడదు, ప్రవాసుల కోసం ఉన్న ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. ఆస్తి అమ్మకమో అద్దె ఒప్పందమో పెండింగ్‌లో ఉంటే, నమ్మకమైన వ్యక్తి పేరిట, ఆ పనికి మాత్రమే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీని ఇక్కడే రిజిస్టరు చేయించండి. అక్కడి నుంచి చేయాలంటే భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ, ఆపైన ఇక్కడ స్టాంపు సుంకం అంటూ రెండింతల పని.

చిన్నగా కనిపించినా అసలు తలనొప్పి ఫోన్ నంబరుది. బ్యాంకు, ఆధార్, ఆదాయపు పన్ను, అన్నింటి ఓటీపీలూ ఆ నంబరుకే వస్తాయి. సిమ్‌ను అంతర్జాతీయ రోమింగ్‌లో ఎస్ఎంఎస్‌లు అందేలా ఏర్పాటు చేసుకుని, రీఛార్జి గడువు తేదీని ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. నంబరు ఒకసారి రద్దయితే కొన్నాళ్లకు దాన్ని మరొకరికి కేటాయిస్తారు. అప్పుడు మీ ఖాతా తాళంచెవి వేరొకరి జేబులో ఉన్నట్టే.

అమెరికా పన్ను చట్టం మీ భారతీయ ఖాతాలను కూడా చూస్తుంది. అక్కడ పన్ను నివాసి అయ్యాక, ఆ ఏడాదిలో ఏ రోజునైనా మీ విదేశీ ఖాతాల మొత్తం 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక దాఖలు చేయాలి. పీపీఎఫ్ వడ్డీకి ఇక్కడ పన్ను లేకపోయినా అక్కడ ఉంటుంది. భారతీయ మ్యూచువల్ ఫండ్లను వారు పీఎఫ్ఐసీ అనే కఠినమైన తరగతి కింద పరిగణిస్తారు. పన్ను భారంకన్నా, ఒక్కో ఫండుకు ఒక్కో పత్రం నింపే శ్రమే మనిషిని విసిగిస్తుంది. సిప్‌లు కొనసాగించాలా, వెళ్లేలోపే అమ్మేయాలా అన్నది రెండు దేశాల పన్నులూ తెలిసిన నిపుణుడిని ఇప్పుడే అడగండి. గ్యాస్ కనెక్షన్, కరెంటు మీటరు వంటివి ఒక పూట పని, వాటి గురించి ఇక్కడ చెప్పేదేమీ లేదు.

ఆరో అడుగు: ఇప్పుడు సూట్‌కేసులు

చాలా విమానాల్లో మనిషికి 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు అనుమతిస్తారు, మీ టికెట్‌పై ఎంత రాసి ఉందో చూసుకోండి. అన్ని అసలు పత్రాలూ, మందులూ, ఒక రోజు బట్టలూ చేతి సంచిలో ఉండాలి. పెట్టెలు తప్పిపోవడం జరుగుతూనే ఉంటుంది.

మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడిది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు రెండింటికీ పనిచేస్తాయి, ప్లగ్ మార్చుకుంటే చాలు. ఇంట్లోని 750 వాట్ల మిక్సీ మాత్రం అక్కడ సరిగా తిరగదు. 110 వోల్టులకు తయారైన మిక్సీలు ఇక్కడి దుకాణాల్లోనూ, అక్కడి భారతీయ దుకాణాల్లోనూ దొరుకుతాయి. ప్రెషర్ కుక్కర్‌కు ఆ బెడద లేదు గానీ, కొత్త గాస్కెట్లు, వెయిట్లు రెండేసి పెట్టుకోండి.

తిండి విషయంలో మొహమాటం పనికిరాదు. చికెన్ పచ్చడి, గోంగూర మటన్, ఎండు మాంసం తీసుకెళ్లకూడదు. పచ్చి కరివేపాకు నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగులకు ఆశ్రయమిస్తుందని నిషేధించారు; ధాన్యాన్ని పాడుచేసే ఖాప్రా పురుగు భయంతో మన దేశపు బియ్యాన్ని ప్రయాణికుల సామానులో రానివ్వరు. పళ్లు, విత్తనాలు, మొక్కలు అసలే వద్దు. ఆవకాయ, కారప్పొడులు, సున్నుండలు సాధారణంగా సాగనిస్తారు. ఏది ఉన్నా అడిగినప్పుడు ఉందని చెప్పండి. చెప్పి పోగొట్టుకుంటే పోయేది పచ్చడి, దాచి దొరికితే జరిమానా పడుతుంది. ఆవకాయ సీసాను మూత దగ్గర టేపుతో బిగించి, రెండు జిప్ సంచుల్లో పెట్టి, పాత తువ్వాలులో చుట్టి, పిల్లల బట్టలు లేని పెట్టెలో సర్దండి. కుటుంబమంతటి దగ్గరా కలిపి 10,000 డాలర్లకు మించి నగదు ఉంటే ప్రకటించాలి. ఎక్కువ బంగారం వెంట ఉంటే, బయల్దేరేటప్పుడు ఇక్కడి విమానాశ్రయ కస్టమ్స్‌లో ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి, తిరిగి వచ్చేటప్పుడు ఇవి మావేనని వాదించే పని తప్పుతుంది.

పిల్లలకు ఒక చిన్న సంచి పూర్తిగా వదిలేయండి. మా చిన్నాడు అందులో సగం గోళీలు, ఒక విరిగిన బస్సు బొమ్మ పెట్టుకున్నాడు. ఆ బస్సు లేకపోతే మొదటి వారం వాడు నిద్రపోయేవాడు కాదేమో.

ఏడో అడుగు: దిగిన మొదటి నెల

అబుదాబి మీదుగా వెళితే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే అయిపోతుంది, రెండు విమానాల మధ్య ఎక్కువ సమయం ఉండేలా టికెట్ తీసుకోండి. దిగాక రెండు మూడు రోజుల్లోనే అందరి ఐ-94లనూ వెబ్‌సైట్ నుంచి తీసి పేరు, వీసా తరగతి, గడువు సరిచూడండి. ఉద్యోగికి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉచితంగా ఇస్తారు, పదిరోజులాగి దరఖాస్తు చేస్తే రికార్డులు సరిపోలుతాయి. ఉద్యోగానుమతి లేని హెచ్-4 వారికి ఆ నంబరు రాదు. పన్ను దాఖలు చేసేటప్పుడు డబ్ల్యూ-7 పత్రంతో ఐటిన్ అనే పన్ను గుర్తింపు నంబరు తీసుకోవాలి. ఇల్లు మారిన ప్రతిసారీ పది రోజుల్లోగా ఏఆర్-11 పత్రం ద్వారా ఇమిగ్రేషన్ శాఖకు కొత్త చిరునామా తెలపాలి.

ఆరోగ్య బీమాలో కుటుంబాన్ని చేర్చుకోవడానికి కంపెనీలు సాధారణంగా 30 రోజుల గడువే ఇస్తాయి. అది దాటితే వార్షిక నమోదు దాకా ఆగాలి కాబట్టి జెట్‌లాగ్ తీరకపోయినా ఆ పత్రం నింపండి. అద్దె ఒప్పందం ఎక్కువగా ఏడాదికి ఉంటుంది; క్రెడిట్ చరిత్ర లేనందున యజమాని ఎక్కువ డిపాజిట్ అడగవచ్చు, ఉద్యోగ నియామక పత్రం చూపితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ క్రెడిట్ కార్డుతో ఆ చరిత్ర మొదలవుతుంది.

కారు నడిపేవారు బయల్దేరే ముందే రవాణా శాఖ నుంచి ఏడాది చెల్లే అంతర్జాతీయ అనుమతి పత్రం తీసుకోండి, అది రాష్ట్రపు లైసెన్సుకు బదులు కాదు. విమానాశ్రయం నుంచి ఇంటికి వెళ్లే మొదటి ప్రయాణంలోనే చిన్నపిల్లలకు కారు సీటు ఉండాలి, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం చట్టవిరుద్ధం. స్టాప్ అని రాసి ఉన్నచోట ఎవరూ లేకపోయినా చక్రాలు పూర్తిగా ఆగాలి, బడిబస్సు ఎర్రదీపాలు మిణుకుతుంటే, మధ్యలో డివైడర్ లేని రోడ్డుపై ఎదురువైపు వాహనాలు కూడా ఆగాలి.

మొదటి రోజు వంటకు ముందు పొయ్యి పైనున్న ఫ్యాను గాలిని బయటికి పంపుతుందో, వంటింట్లోకే తిప్పి వదులుతుందో చూడండి. మా అపార్ట్‌మెంట్‌లో రెండో రకం. పప్పులో తాలింపు వేసిన నిమిషానికి పొగ అలారం మోగి, ఎండుమిరపకాయల ఘాటుకు దగ్గుతూనే మా ఆవిడ కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరింది. అలారం బ్యాటరీ తీసేయకండి, ఒప్పందం ప్రకారం అది తప్పు. ముందు కిటికీ తెరిచి, మంట తగ్గించి వేయండి.

ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడే సమయాన్ని మొదటి వారంలోనే ఒకటి ఖాయం చేసుకోండి. డల్లాస్‌లో శనివారం ఉదయం ఎనిమిది అంటే వేసవిలో ఇక్కడ సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం నాడు అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి కాబట్టి, ఆ తర్వాత అదే ఫోను ఏడున్నరకు వస్తుంది. ఈ సంగతి అమ్మానాన్నలకు అక్టోబరులోనే చెప్పి ఉంచండి, లేకపోతే ఆ గంటసేపూ ఫోను చేతిలో పట్టుకుని వరండాలో తిరుగుతూనే ఉంటారు.